సంచి కట్టు విప్పితే చాలదు, మూతి పట్టాలి

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా బాపుకు 66 ఏళ్లు. ఐదు నెలల కింద పక్షవాతం వచ్చింది. కాళ్లు చేతులు మంచిగనే కోలుకున్నయి గానీ మింగుడు పడుతలేదు. మొదటి రెండు నెలలు ముక్కు పైపుతోనే పాలు, జావ పోసినం. ఇప్పుడు పైపు తీసేసిన్రు. నీళ్లు కొద్దికొద్దిగా పోతయి, అన్నం ముద్ద మాత్రం గొంతు కిందనే ఆగుతది. మూడు నాలుగు గుటకలు వేసినా సగం మిగులుతది, కాసేపటికి దగ్గొస్తది. పక్కన డబ్బా పెట్టుకొని ఉమ్మి ఊస్తనే ఉంటడు. హైదరాబాదులో వీడియో ఎక్స్‌రే తీసి ‘క్రికోఫారింజియస్ కండరం సరిగా తెరుచుకోవడం లేదు’ అని రాసిన్రు. అవసరమైతే ఆ కండరాన్ని కోయొచ్చన్నరు. ఊళ్లో వాళ్లేమో అన్నీ చిక్కగ చేసి పెట్టమంటున్నరు. పాత ఫ్లోరైడ్ వల్ల బాపు మెడ ఎప్పటి నుంచో బిగుసుకొని ఉంటది. ఆ కండరం ఏంది? ఇంట్ల ఏం చేయాలె? కోయించాలా, వద్దా?

జవాబు: కోత సంగతి చివర మాట్లాడుకుందాం. ముందు ఆ కండరం ఎక్కడుందో, దాని పనేమిటో తెలియాలి. అది తెలిస్తే ‘అన్నీ చిక్కగా’ అన్న సలహా మీ బాపుకు ఎందుకు సరిపోదో మీకే అర్థమవుతుంది.

మీ గొంతుముడి మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరపండి. ఒక చిన్న పల్లం, దాని కింద గట్టిగా ఉంగరం అంచులాంటిది తగులుతుంది. అదే క్రికాయిడ్ మృదులాస్థి. ముందు సన్నగా, వెనక వెడల్పుగా, అచ్చం ముద్ర ఉంగరంలా ఉంటుంది. క్రికోఫారింజియస్ ఈ ఉంగరానికి ఒక పక్కన మొదలై, గొంతు వెనక నుంచి చుట్టి వచ్చి, రెండో పక్కన అతుక్కుంటుంది. ఆకారం గుర్రపు నాడాలా ఉంటుంది. ముందువైపు మృదులాస్థి, మిగతా మూడు వైపులా ఈ కండరం, మధ్యలో అన్నం దిగే దారి. పై పళ్ల నుంచి లోపలికి కొలిస్తే సుమారు 15 సెంటీమీటర్లు, మెడ వెన్నుపూసల్లో ఆరోదాని ఎత్తులో ఉంటుంది. గొంతు అక్కడితో ముగిసి అన్నవాహిక మొదలవుతుంది. అన్నం దిగే దారిలో బాగా ఇరుకైన చోటు కూడా ఇదే. పిల్లలు మింగిన రూపాయి బిళ్ల ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటుంది.

ఒంట్లో చాలా కండరాలు పని ఉన్నప్పుడు బిగుస్తాయి, లేనప్పుడు వదులవుతాయి. దీని తీరు అందుకు తలకిందులు. ఊరికే ఉన్నంతసేపూ బిగిసే ఉంటుంది, గుటక వేసినప్పుడు అర సెకను, మహా అయితే సెకను పాటు వదులవుతుంది. తేన్పు, వాంతి వచ్చినప్పుడూ అంతే. అలా మూసుకొని ఉండబట్టే మనం పీల్చిన గాలి కడుపులోకి పోదు, పడుకున్నప్పుడు కడుపులోని పులుపు గొంతులోకి ఎగదన్నదు. ఈ రెండో పనిని గుర్తుపెట్టుకోండి, కోత దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

అయితే కండరం వదులైనంత మాత్రాన దారి తెరుచుకోదు. కల్లంలో గోనె సంచిలోకి వడ్లు పోయడం మీకు తెలిసిందే. ముందు మూతికి కట్టిన తాడు విప్పాలి. తర్వాత ఒకరు మూతిని రెండు చేతులా పట్టి తెరవాలి. ఇంకొకరు గంపతో ఒక్క ఊపున పోయాలి. తాడు విప్పి వదిలేస్తే మూతి వాలిపోతుంది, వడ్లు బయట పడతాయి. గొంతులోనూ ఈ మూడు పనులూ ఒక్క సెకనులో జరగాలి. తాడు విప్పడమంటే క్రికోఫారింజియస్ వదులవడం. ఆ ఆజ్ఞ మెదడు కాండం, అంటే వెన్నుపాముతో కలిసే మెదడు అడుగు భాగం నుంచి వేగస్ నరం ద్వారా వస్తుంది. మూతి పట్టేవి దవడ కింది కండరాలు. ఇవి హయాయిడ్ అనే చిన్న ఎముకను, దానితో పాటు గొంతుముడిని పైకి, ముందుకు లాగుతాయి. క్రికాయిడ్ ఉంగరం వాటితో కలిసి ముందుకు జరిగినప్పుడే వెనకనున్న దారి విచ్చుకుంటుంది. ఇక గంప పట్టే మనిషి స్థానంలో ఉన్నవి నాలుక మొదలు, గొంతు గోడలు. అవి ముద్దను ఒత్తిడితో కిందికి తోస్తాయి.

అందుకని ‘తెరుచుకోవడం లేదు’ అన్న ఒక్క ముక్కతో వైద్యం నిర్ణయించలేం. మూడింటిలో తప్పింది ఏదో తేలాలి. తాడు విప్పుకోకపోవడం ఒక జబ్బు, మూతి పట్టే చేతుల్లో బలం లేకపోవడం ఇంకో జబ్బు. ఎక్స్‌రేలో రెండూ పైకి ఒకేలా కనిపించవచ్చు. మీ దగ్గరున్న వీడియోను మళ్లీ చూపించి నాలుగు విషయాలు అడగండి. హయాయిడ్ ఎముక ముందుకు కదిలిందా? గొంతు గోడలు రెండు పక్కలా సమానంగా నొక్కాయా? ముద్ద ఎక్కడ మిగిలింది? శ్వాసనాళంలోకి ఏమైనా జారి ఉంటే అది గుటకకు ముందా, మధ్యలోనా, తర్వాతా?

చివరి ప్రశ్నకు మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. ముద్ద ఆగుతుంది, కాసేపటికి దగ్గు వస్తుంది అన్నారు. గొంతుముడికి రెండు పక్కలా, వెనకగా చిన్న గుంతలుంటాయి. దారి తెరుచుకోకపోతే ముద్ద ఆ గుంతల్లో నిలిచి, నిండాక పొంగి, పక్కనే ఉన్న శ్వాసనాళంలోకి జారుతుంది. అందుకే దగ్గు ఆలస్యంగా వస్తుంది. ఉమ్మి ఊస్తూనే ఉండడానికీ ఇదే కారణం. నోట్లో ఊరేది ఎక్కువై కాదు, ఊరింది కిందికి దిగక. మెదడు కాండంలో ఒక పక్క రక్తప్రసరణ ఆగినప్పుడు ఇలాంటి మింగుడు ఇబ్బంది తరచు కనిపిస్తుంది. వాలెన్‌బర్గ్ అనే జర్మన్ వైద్యుడు 1895లో వివరించిన పక్షవాతం ఇదే. కాళ్లూ చేతులూ బాగానే ఉండి మింగుడు, గొంతు బొంగురు, తల తిరగడం, ముఖంలో ఒక పక్క తిమ్మిరి మిగిలిపోవడం దాని తీరు. మీ బాపుకు వచ్చింది అదేనా అన్నది మెదడు స్కాన్ రిపోర్టులో చూసి చెప్పించుకోండి.

ఇప్పుడు ‘చిక్కగా’ సంగతి. పక్షవాతం తర్వాత చాలామందికి నీళ్లు పొలమారుతాయి, ఎందుకంటే వాళ్లలో గుటక ఆలస్యంగా మొదలవుతుంది, పలచటిది అంతలోపే జారిపోతుంది. వాళ్లకు చిక్కదనం పనికొస్తుంది. మీ బాపుకు నీళ్లు దిగుతున్నాయి, ముద్ద దిగడం లేదు. ఇరుకు సందులోంచి పలచటిది తేలిగ్గా జారుతుంది, చిక్కటిదాన్ని నెట్టడానికి ఎక్కువ బలం కావాలి. ఆ బలమే తక్కువైనప్పుడు ఎంత చిక్కగా పెడితే అంత గుంతల్లో మిగులుతుంది. పొరుగువాళ్ల సలహా వేరే రోగికి మంచిదే, మీ బాపుకు మాత్రం బెడద.

అలాగని నీళ్లలాంటివే పెడితే బలం చాలదు. నున్నగా, తడిగా, బంక లేకుండా, చెంచాలోంచి ధారగా జారేంత ఉండాలి. ఈ చిక్కదనాన్ని కంటి అంచనాకు వదలొద్దు. సూది, లోపలి తోపుడు కడ్డీ తీసేసిన 10 మి.లీ. సిరంజి ఒకటి తీసుకోండి. గీతలున్న భాగం పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, స్కేలుతో కొలవండి. వేలితో కింద మూసి 10 మి.లీ. వరకు నింపి, వేలు తీసి సరిగ్గా 10 సెకన్లు లెక్కపెట్టి మళ్లీ మూయండి. లోపల మిగిలింది 1 నుంచి 4 మి.లీ. అయితే కొద్దిగా చిక్కన, 4 నుంచి 8 అయితే మధ్యస్థం, 8 దాటితే బాగా చిక్కన. వీడియోలో ఏ మెట్టు సాఫీగా దిగిందో మింగుడు సాధన చేయించే థెరపిస్టును అడిగి, ఇంట్లో వండిన ప్రతిదాన్నీ ఆ అంకెకే తేవాలి. పెట్టేటప్పుడు ఉండే వేడిలోనే కొలవండి. జావ చల్లారితే గట్టిపడుతుంది, పొయ్యి మీద కొలిచిన అంకె గిన్నెలోకి వచ్చేసరికి మారిపోతుంది.

మన తిండిలో ఏవి సరిపోతాయి? రాగి జావ వడకట్టి, సల్ల కలిపి పలచన చేయొచ్చు. పెసరపప్పు మెత్తగా ఉడికించి, మిక్సీ పట్టి, జల్లెడ పట్టి, చారుతో సడలించొచ్చు. అన్నం ఒట్టిగా మిక్సీ వేస్తే జిగురు ముద్ద అవుతుంది, అది ఈ ఇరుకులో అంటుకుపోయే రకం. వేడి అన్నంలో పలచటి సల్లో, పాలో ముందే పోసి తిప్పి, జల్లెడ పట్టాలి. ప్రతి గిన్నెలో ఒక చెంచా నెయ్యి వేయండి, జారుడూ వస్తుంది, శక్తీ వస్తుంది. జొన్న గట్క సల్లలో వేసుకొని తినడం మనవాళ్లకు ప్రాణం, కానీ ఇప్పుడు అది వద్దు. పలచటి సల్ల ముందు జారి, గట్క గడ్డ వెనక మిగులుతుంది. ఒకే చెంచాలో రెండు చిక్కదనాలు ఉండడం మింగుడు ఇబ్బంది ఉన్నవాళ్లకు చాలా కష్టం. చారులో నానిన అటుకులు, ముక్కలున్న పులుసు కూడా ఆ కోవవే. జొన్న రొట్టె, ఉడికిన గుడ్డు పచ్చసొన, పల్లీలు, కారం పొడి, ముల్లున్న చేప పూర్తిగా పక్కన పెట్టండి.

తినిపించే తీరు వండే తీరు కంటే ముఖ్యం. మంచం మీద ఒరిగి కాదు, కుర్చీలో నడుము నిటారుగా, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. మీరు నిలబడి పెడితే ఆయన తల పైకెత్తుతారు, అప్పుడు శ్వాసనాళం ముఖం తెరుచుకుంటుంది. కాబట్టి మీరు ఆయన కంటికి సమంగానో, కొంచెం కిందనో కూర్చోండి. ఒక్కో చెంచాకు 3 నుంచి 5 మి.లీ., అంటే టీ చెంచాకు మించొద్దు. నోట్లో పెట్టాక గుటక, ఆ వెంటనే ఖాళీ నోటితో మరో గుటక. అప్పుడు ‘ఆ’ అనమనండి. గొంతు గరగరలాడితే గుంతల్లో ఇంకా మిగిలినట్టే. దగ్గమని, మళ్లీ గుటక వేయించి, గొంతు తేటపడ్డాకే తర్వాతి చెంచా. నీళ్లు శ్వాసనాళంలోకి పోలేదని వీడియోలో తేలితే, మూడు నాలుగు చెంచాలకోసారి ఒక చెంచా నీళ్లు ఇచ్చి గుంతలను కడగొచ్చు. నీళ్లు తాగేటప్పుడు గ్లాసు అడుగు దాకా ఎత్తితే తల వెనక్కి పోతుంది. ప్లాస్టిక్ గ్లాసు అంచులో ముక్కు పట్టేంత అర్ధచంద్రం కత్తిరిస్తే తల ఎత్తకుండానే తాగొచ్చు. అరగంట దాటితే అలసటతోనే పొలమారుతుంది. అందుకే మూడు పెద్ద పూటల బదులు ఐదారు చిన్న పూటలు పెట్టండి. తిన్నాక మరో అరగంట కూర్చునే ఉండాలి.

గడ్డం ఛాతీకి ఆనించి మింగమని ఎవరైనా చెప్పి ఉంటారు. గుటక ఆలస్యమైన వాళ్లకు అది మంచి ఉపాయమే. గుంతల్లో నిలిచిపోయే వాళ్లకు దాని మీద ఆధారపడలేం, తల వంచినప్పుడు నిలిచింది ముందుకు ఒలకొచ్చు. ఈ రకం ఇబ్బందిలో ఎక్కువగా కలిసొచ్చేది తలను బలహీనమైన పక్కకు తిప్పి మింగడం. అలా తిప్పితే ఆ పక్క దారి మూసుకొని, ముద్ద బలంగా ఉన్న పక్క నుంచి దిగుతుంది, అటువైపు కండరం బిగువు కూడా కాస్త తగ్గుతుంది. ఏ పక్క బలహీనమో ఊహించొద్దు. నోరు తెరిచి ‘ఆ’ అన్నప్పుడు కొండనాలుక ఒక పక్కకు లాగినట్టుంటే సాధారణంగా అది బాగున్న పక్క. అయినా ఎక్స్‌రేలో తిప్పి చూసి ఖాయం చేసుకోవాలి.

ఇక్కడే మీ బాపు మెడ అడ్డం వస్తుంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒంట్లో మెడ ఎముకల మధ్య నారలు గట్టిపడి ఉంటాయి. వెన్నుపాము ఉండే సందు కూడా ఇరుకై ఉండొచ్చు. అలాంటి మెడను బలవంతంగా తిప్పితే చేతులు కాళ్లకు ముప్పు. ఎంత తిరిగితే అంతే తిప్పండి. అసలు తిరగకపోతే, నడుము నుంచి ఒళ్లంతా బాగున్న పక్కకు కొద్దిగా వాల్చి మింగిస్తే, బరువు వల్ల ముద్ద అటే జారుతుంది. ఇంకో సంగతి: మెడ ఎముకల ముందు అంచున మొలిచిన ఎముక మొనలు గొంతును వెనక నుంచి నొక్కుతాయి. అదీ సరిగ్గా ఈ కండరం ఉన్న ఎత్తులోనే జరగొచ్చు. పక్క నుంచి తీసిన మెడ ఎక్స్‌రే ఒక్కటి చాలు, అలాంటిది ఉందో లేదో తెలుస్తుంది. ఇన్నాళ్లూ పక్షవాతం ఖాతాలో వేసిన ఇబ్బందిలో కొంత భాగం ఆ ఎముకదే కావచ్చు, దయచేసి తప్పక చూపించండి.

వ్యాయామాల్లో కూడా మెడను లెక్కలోకి తీసుకోవాలి. మూతి పట్టే చేతులకు బలమిచ్చే పేరున్న వ్యాయామం షేకర్ పద్ధతి. వెల్లకిలా పడుకొని, భుజాలు లేవకుండా తల మాత్రం ఎత్తి కాలివేళ్లను చూస్తూ 60 సెకన్లు ఆగడం, 60 సెకన్లు విశ్రాంతి, అలా మూడు సార్లు. ఆపైన ఆగకుండా 30 సార్లు ఎత్తి దించడం. రోజుకు మూడు పూటలు, ఆరు వారాలు. మామూలు మెడ ఉన్నవాళ్లకు ఇది మంచి సాధనం. మీ బాపు చేత మాత్రం చేయించొద్దు. ఆయనకు తగినది నోరు తెరిచే వ్యాయామం. నోరు ఎంత తెరవగలరో అంత తెరిచి, దవడ కింద బిగువు తెలిసేలా 10 సెకన్లు ఆపి, 10 సెకన్లు విడవాలి. ఐదు సార్లు చేస్తే ఒక వరుస, రోజుకు రెండు వరుసలు, కనీసం నాలుగు వారాలు. మెడ కదలదు, పని చేసేది ఆ దవడ కింది కండరాలే. దవడ కీలు టక్కుమంటున్నా, ఎప్పుడైనా జారి ఉన్నా ఇది కూడా ఆపేయాలి.

రెండోది మెండెల్సన్ పద్ధతి. గొంతుముడి మీద వేళ్లు పెట్టి గుటక వేయమనండి. ముడి పైకి లేచిన క్షణాన గొంతును బిగించి, దాన్ని కిందికి రానీయకుండా రెండు మూడు సెకన్లు ఆపి వదలాలి. ముడి పైన నిలిచినంతసేపూ దారి తెరుచుకొని ఉంటుంది. మొదట్లో పట్టు దొరకదు, ఒట్టి ఉమ్మితోనే సాధన చేయాలి, అన్నంతో కాదు. పూటకు ఐదారు గుటకలతో మొదలుపెట్టండి. ఊపిరి ఆగుతుంది కాబట్టి గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉంటే డాక్టరును అడిగాకే చేయించండి.

నోటి శుభ్రత గురించి ఎవరూ చెప్పరు, అందుకే గట్టిగా చెబుతున్నాం. ఎంత జాగ్రత్త పడినా ఉమ్మి కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు మురికిగా ఉంటే ఆ ఉమ్మితో వెళ్లిన క్రిములే నిమోనియా తెస్తాయి. ప్రతి తిండి తర్వాత, పడుకునే ముందు పళ్లు, నాలుక, చిగుళ్లు తోమించండి. కట్టుడు పళ్లుంటే తీసి కడగండి. తంబాకు అలవాటు ఉంటే పూర్తిగా మాన్పించండి. మాత్రలు గొంతులో నిలుస్తున్నాయని అన్నీ నూరి పోయొద్దు. నెమ్మదిగా కరిగేలా చేసినవి, పై పూత ఉన్నవి నూరితే మోతాదు ఒక్కసారిగా పడుతుంది, లేదా కడుపు పాడవుతుంది. ద్రవరూపంలో దొరికేవి రాయించుకోండి.

ఇక కోత. ఐదు నెలలే అయింది, మెదడు ఇంకా కోలుకునే కాలమిది. పక్షవాతం తర్వాత మామూలుగా ఆరు నెలల వరకైనా సాధన చేయించి చూశాకే శాశ్వతమైన కోత గురించి ఆలోచిస్తారు. ఆ లోపు రెండు మధ్య మెట్లున్నాయి. బెలూన్‌తో దారిని వెడల్పు చేయడం ఒకటి. కండరంలోకి బోటాక్స్ సూది ఇచ్చి బిగువు తగ్గించడం ఇంకోటి. బోటాక్స్ ప్రభావం మూడు నాలుగు నెలలే ఉంటుంది. ఒకరకంగా ఇది కోతకు ముందు పరీక్ష, సూదితో మింగుడు మెరుగైతే కోతతోనూ మెరుగయ్యే అవకాశం ఎక్కువ. మందు పక్క కండరాలకు పాకితే కొన్నాళ్లు మింగుడు ఇంకా కష్టమవుతుందని ముందే తెలిసి ఉండాలి. కోత అంటే తాడును శాశ్వతంగా తెంపేయడం. హయాయిడ్ బాగా కదులుతూ, గొంతు గోడలు బాగా తోస్తూ, ఈ ఒక్క కండరమే వదులవకపోతే కోత మంచి ఫలితమిస్తుంది. మూతి పట్టేవాళ్లు, పోసేవాళ్లే లేకపోతే తాడు తెంపి లాభం లేదు. ఛాతీలో మంట, రాత్రిళ్లు పుల్లటి నీళ్లు ఎగదన్నడం ఎక్కువగా ఉంటే ఆ మాట తప్పక చెప్పండి. తలుపు తీసేశాక ఆ పులుపు నేరుగా గొంతులోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇదే చోట వచ్చే మరో రెండు జబ్బులు ఈ జవాబు చదివే ఇతరుల కోసం. రక్తహీనత చాలాకాలం ఉన్న ఆడవాళ్లకు గట్టి ముద్ద ఆగుతుంటే, ఈ కండరం దగ్గర సన్నని పొర ఏర్పడి ఉండొచ్చు. ఇనుము మాత్రలతో పాటు గొంతు లోపల పరీక్ష కూడా అవసరం, దాన్ని వదిలేస్తే క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. అరవై దాటినవాళ్లకు నిన్న తిన్నది ఇవాళ నోట్లోకి వస్తూ, మెడలో గుడగుడ మంటూ, నోరు వాసన వేస్తుంటే కండరం పైనున్న పలచటి చోట గోడ ఉబ్బి సంచిలా తయారైందేమో చూపించాలి.

పొలమారినప్పుడు ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టడం మనకు అలవాటు. దగ్గు వస్తున్నంతసేపూ తట్టొద్దు, నీళ్లు పోయొద్దు, ముందుకు వంగి దగ్గనివ్వండి. దగ్గు కూడా రాక, మాట రాక, పెదాలు నీలం పడితే ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు గట్టి దెబ్బలు కొట్టండి. పోకపోతే వెనక నుంచి బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదు సార్లు నొక్కండి. అది బయటికి వచ్చేదాకా ఇవే మార్చి మార్చి చేస్తూ, పక్కవాళ్ల చేత 108కి ఫోన్ చేయించండి.

దగ్గు రాకపోయినా లోపలికి పోతుండవచ్చు. సాయంత్రాలు జ్వరం, ఆయాసం, తెమడ రంగు మారడం, బరువు తగ్గడం, మూత్రం ముదురు పసుపు కావడం కనిపిస్తే నోటి తిండి ఆపి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొన్నాళ్లు మళ్లీ పైపు వేయాల్సి వచ్చినా బెంగపడొద్దు. కడుపు నిండి ఉంటేనే వ్యాయామానికి ఒంట్లో సత్తువ ఉంటుంది.

వచ్చేసారి వెళ్లేటప్పుడు వీడియో ఎక్స్‌రే సీడీ, మెదడు స్కాన్, మెడ ఎక్స్‌రే వెంట తీసుకెళ్లండి. ఒక నోటు పుస్తకంలో వారం వారం బరువు, ఒక్కో పూటకు పట్టిన నిమిషాలు, సిరంజిలో మిగిలిన అంకె, ఏ తిండికి ఎంతసేపటికి దగ్గు వచ్చిందో రాసి పెట్టండి. దగ్గు గుటకతో పాటే వచ్చిందా, తర్వాతా అన్నది మాత్రం మర్చిపోకుండా రాయండి.